బగ్ దొరికితే కథ అయిపోతుంది

‘సైకో-పాస్’ చూసినవాళ్ళెవరినైనా రెండో సీజన్ ఎలా ఉందని అడిగి చూడండి. “అదొకటి ఉందన్న సంగతి మర్చిపో, మొదటిదే ఇంకోసారి చూసుకో” అంటారు. నేనూ చాలామందికి ఇదే సలహా ఇచ్చాను. ఎందుకు బాలేదు అని అడిగితే మాత్రం తలా ఒక కారణం చెబుతారు. రచయిత మారాడు. స్టూడియో మారింది. 22 ఎపిసోడ్ల కథ కాస్తా 11 ఎపిసోడ్లయింది. నెత్తురు ఎక్కువైంది. విలన్‌లో దమ్ము లేదు.

అన్నీ నిజాలే. అయినా ఇవేవీ నాకు పూర్తిగా సరిపోలేదు. రచయిత మారినా బాగున్న సీక్వెళ్ళున్నాయి. 11 ఎపిసోడ్లలో గొప్ప కథలు చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య రెండు సీజన్లూ వరసగా మళ్ళీ చూశాను. ఈసారి నాకొక కారణం కనిపించింది. అది అనిమే గురించి ఎంతో, నేను చేసే ఉద్యోగం గురించీ అంతే. (కథ మొత్తం చెప్పేస్తున్నాను. చూడనివాళ్ళు మొదటి సీజన్ చూసొచ్చి చదవండి, ఈ వ్యాసం ఎక్కడికీ పోదు.)

మొదటి సీజన్ 2012 అక్టోబరు నుంచి 2013 మార్చి దాకా ఫుజి టీవీలో వచ్చింది. తీసింది ప్రొడక్షన్ ఐ.జి., రాసింది గెన్ ఉరొబుచి. కథ మొదలయ్యే కాలం 2112. జపాన్ మొత్తం సిబిల్ అనే వ్యవస్థ చేతిలో ఉంటుంది. వీధి వీధికీ స్కానర్లు. అవి మనుషుల మనసుల్ని కొలుస్తుంటాయి. మనసు ఎంత తేటగా ఉందో చెప్పడానికి ఒక రంగు, నేరం వైపు ఎంత మొగ్గిందో చెప్పడానికి ఒక అంకె. పోలీసుల దగ్గర డామినేటర్ అనే తుపాకి ఉంటుంది. అది ఎదుటివాడి అంకె చదువుతుంది. 100 లోపుంటే ట్రిగ్గర్ పడదు. 100 దాటితే మనిషి స్పృహ తప్పుతాడు. 300కి చేరితే పేలిపోతాడు. అసలు నేరం జరిగిందా అని అడిగే కోర్టు లేదు. ఎవరు ఏ ఉద్యోగం చెయ్యాలో కూడా సిబిలే తేలుస్తుంది.

మనకిక్కడ సిబిల్ అనగానే ఇంకో అంకె గుర్తొస్తుంది కదా. అనిమేలో సిబిల్ అంటే ప్రాచీన గ్రీకుల కాలంలో జోస్యం చెప్పిన స్త్రీ పేరు. మన సిబిల్ పొడి అక్షరాల్లోంచి వచ్చింది. పలికితే మాత్రం రెండూ ఒకటే. పైగా మన స్కోరు 300 దగ్గర మొదలై 900 దగ్గర ఆగుతుంది. అక్కడ మనిషిని చంపే అంకె ఇక్కడ అట్టడుగు మార్కు. ఉరొబుచి ఇది ఊహించి రాసుంటాడని అనుకోను. కానీ హైదరాబాదులో కూర్చుని చూసేవాడికి, తెరమీద ఎవరో సిబిల్ అన్నప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, వెనకాలే గుబులు.

మొదటి ఎపిసోడ్ తీసుకుందాం. ఒక స్త్రీని ఒకడు ఎత్తుకుపోయి హింసిస్తాడు. పోలీసులు వాడిని చంపేస్తారు. అప్పటికి ఆమె భయంతో, షాక్‌తో వణికిపోతూ ఉంటుంది. ఆ భయానికి ఆమె అంకె పెరిగిపోతుంది. డామినేటర్ ఇప్పుడు ఆమెని కూడా చంపమంటుంది. అదేరోజు ఉద్యోగంలో చేరిన ఇన్‌స్పెక్టర్ అకానె, చంపబోతున్న తన సహోద్యోగి కోగామినే కాల్చి పడేసి, ఆ స్త్రీతో మాట్లాడుతుంది. అంకె తగ్గుతుంది.

ఈ సన్నివేశంలో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. డామినేటర్ తప్పు చదవలేదు. ఆమె మనసు నిజంగానే చెదిరిపోయింది. చేతిలో లైటరు, చుట్టూ ఒలికిన పెట్రోలు. ఆ క్షణంలో ఆమె నిజంగానే ప్రమాదం. కొలత సరైనదే. ఆ కొలతను పట్టుకుని ఏం చెయ్యబోతున్నారన్నదే దారుణం.

దీన్ని నేను తెరమీద చూసినప్పటికన్నా, మా బావ విషయంలో బాగా అర్థం చేసుకున్నాను. బావకి ఖమ్మంలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుంది. రెండేళ్ళ క్రితం కొత్త మెషీన్ కోసం ఒక బ్యాంకులో లోన్ అడిగాడు. తన సొంత అప్పుల్లో ఏనాడూ ఒక్క కిస్తీ తప్పని మనిషి. స్కోరు చాలదని తిప్పి పంపారు. నేనొక పేమెంట్ల కంపెనీలో రిస్క్ టీమ్‌లో పనిచేస్తాను. సూటిగా చెప్పాలంటే, మనుషులకి అంకెలు వేసే కోడ్ రాస్తాను. అందుకని ఫోన్ నాకొచ్చింది.

“నువ్వు పొద్దస్తమానం చేసే పని ఇదే గదా బామ్మర్దీ. ఎక్కడో తప్పు పడింది. కాస్త చూసి చెప్పు.”

రిపోర్టు తెప్పించుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. తప్పెక్కడా లేదు. బావ తన స్నేహితుడి వ్యాను లోన్‌కి జామీను ఉన్నాడు. ఆ స్నేహితుడు కొన్నాళ్ళు కట్టి మానేశాడు. ఆ బాకీ బావ లెక్కలోకీ ఎక్కింది. రూలు ప్రకారం ఎక్కాలి, ఎక్కింది. ఆ కోడ్ నన్ను రాయమన్నా అలాగే రాస్తాను. వేరొకరి అప్పుకి పూచీ పడ్డవాడికి రిస్క్ ఎక్కువ, అది లెక్క.

బావకి అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అంటే వాణ్ణి నమ్మడమే తప్పు అంటావు,” అన్నాడు. నేనలా అనలేదు. స్కోరు కూడా అలా అనలేదు. కానీ ఆయనకి అలా వినపడింది. ఇప్పుడాయన నెలకోసారి ఫోన్ తెరిచి స్కోరు చూసుకుంటాడు. నాలుగు పాయింట్లు పెరిగితే అక్కకి చెబుతాడు. ఊళ్ళో ఎవరికి ఏ అవసరమొచ్చినా ముందుండే మనిషి, ఇక సొంత తమ్ముడు అడిగినా సంతకం పెట్టేది లేదని ఇంట్లో తేల్చి చెప్పేశాడు. స్కోరు ఆయన్ని ఉన్నదున్నట్టు కొలిచింది. ఆ తర్వాత ఆయనే స్కోరుకి తగ్గట్టు మారాడు.

‘సైకో-పాస్’ మొదటి సీజన్ బలమంతా ఇక్కడే ఉంది. అందులో అసలు కథ సిబిల్ గురించి కాదు, సిబిల్ కింద బతికి బతికి జనం ఏమయ్యారన్నదాని గురించి.

పద్నాలుగో ఎపిసోడ్ గుర్తుందా? ఒక హెల్మెట్ తయారవుతుంది. అది పెట్టుకుంటే దగ్గర్లో ఉన్న మనిషి తాలూకు తేటదనమే స్కానర్లకి కనిపిస్తుంది. ఒకడు అది తగిలించుకుని పట్టపగలు నడిరోడ్డు మీద ఒక స్త్రీని సుత్తితో కొట్టి చంపుతాడు. చుట్టూ జనం నిలబడి చూస్తుంటారు. వాళ్ళు పిరికివాళ్ళనో దుర్మార్గులనో కాదు. కళ్ళ ముందు జరుగుతున్నది హత్య అని వాళ్ళకి తట్టదు. హత్యే అయితే అలారం మోగాలి, డ్రోన్లు రావాలి. రాలేదు కాబట్టి ఇది ఇంకేదో అయ్యుండాలి. మంచి చెడ్డల తీర్పు మొత్తం ఒక యంత్రానికి అప్పగించేశాక, యంత్రం మాట్లాడని చోట వాళ్ళ దగ్గర మాట మిగల్లేదు. నేను చూసిన అనిమేల్లో ఇంతకన్నా భయపెట్టిన దృశ్యం ఇంకోటి లేదు.

పదకొండో ఎపిసోడ్ ఇంకా దగ్గరికొస్తుంది. మకిషిమా అనేవాడు అకానె స్నేహితురాలి గొంతు మీద కత్తి పెట్టి నిలబడతాడు. డామినేటర్‌తో వాడిని చూస్తే, అంకె పెరగకపోగా తగ్గుతూ పోతుంది. ట్రిగ్గర్ పడదు. వాడే అకానె వైపు ఒక మామూలు తుపాకి విసిరి, దీంతో కాల్చు అంటాడు. ఈ తుపాకికి నీ అనుమతి చాలు, సిబిల్ అనుమతి అక్కర్లేదు. అకానె వల్ల కాదు. స్నేహితురాలు ఆమె కళ్ళ ముందే చచ్చిపోతుంది. అక్కడ పరీక్ష రాసింది సిబిల్ కాదు, అకానె. ఆమెతోపాటు చూస్తున్న మనం.

ఇప్పుడు సీక్వెల్‌కి వద్దాం. 2014 అక్టోబరులో మొదలై డిసెంబరులో అయిపోయింది. ఉరొబుచి అప్పటికి 2015 జనవరిలో విడుదలైన సినిమా పనిలో ఉన్నాడు. టీవీ సిరీస్ కథ బాధ్యత సైన్స్ ఫిక్షన్ నవలలు రాసే ఉబుకతా టో తీసుకున్నాడు. నిర్మాణం టాట్సునోకో స్టూడియోకి వెళ్ళింది. తెలివితేటలకి కొదవ లేని టీమే. చెప్పాలంటే తెలివి కాస్త ఎక్కువైంది కూడా.

ఇందులో విలన్ కముయి. చిన్నప్పుడు విమాన ప్రమాదంలో బతికి బయటపడినవాడు. చనిపోయిన తోటిపిల్లల అవయవాలూ మెదడు భాగాలూ అతికించి అతన్ని బతికించారు. అందువల్ల స్కానర్లు అతన్ని ఒక మనిషిగా గుర్తించవు. సిబిల్ కళ్ళకి అతను లేనట్టే. ఇన్‌స్పెక్టర్ల కళ్ళు పెరికి, వాటితో డామినేటర్లను వాడుకుంటూ, ఒకే ప్రశ్నతో సిబిల్ గుండెకాయ దాకా వస్తాడు. అసలు సిబిల్ అంటే నేరస్వభావం ఉన్న మనుషుల మెదళ్ళన్నీ కలిపి కట్టిన యంత్రమని మొదటి సీజన్‌లోనే తేలింది. మరి అందర్నీ తూచే ఆ తక్కెడ తనను తాను తూచుకోగలదా? గుంపుగా ఉన్నదాన్ని గుంపుగా కొలిస్తే సిబిల్ అంకె ఎంత?

కాగితం మీద చూస్తే మంచి పజిల్. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న. జవాబు కూడా ముచ్చటగా ఉంటుంది. సిబిల్ గుంపుల్ని కొలిచే పద్ధతి ఒప్పుకుంటుంది, దాని ప్రకారం తనలో అంకె పెంచుతున్న మెదళ్ళని ఏరి పారేస్తుంది, తేటపడుతుంది, మళ్ళీ నడుస్తుంది.

ఇది చూస్తుంటే నాకు ఆఫీసు గుర్తొచ్చింది. మా దగ్గర ఇలాంటివి వారానికి రెండు మూడు వస్తాయి. ఫలానా రకం కస్టమర్‌ని సిస్టమ్ గుర్తించడం లేదని టికెట్ వస్తుంది. ఎడ్జ్ కేస్. కూర్చుని కారణం వెతుకుతాం. దొరుకుతుంది. ప్యాచ్ వేస్తాం, టెస్ట్ రాస్తాం, టికెట్ మూసేస్తాం. ఆ పని ఇష్టంగానే చేస్తాను, తప్పుపట్టడం లేదు. అయితే టికెట్ మూశాక దాని గురించి ఎవరూ ఆలోచించరు. రెండో సీజన్ 11 ఎపిసోడ్లూ ఒక టికెట్. కముయి బగ్ రిపోర్టు. చివరి ఎపిసోడ్ ప్యాచ్. క్రెడిట్స్ పడేసరికి నా మనసులో మిగిలిందేమీ లేదు.

బావ విషయంలో బగ్ దొరికుంటే ఎంత బాగుండేదో! ఒక మెయిల్ పెడితే సరిపోయేది. ఆయన జామీను సంతకాలు ఆయన పెట్టుకుంటూనే ఉండేవాడు. బగ్ లేకపోవడం వల్లే అది ఆయనకి సమస్య అయింది, నాకు ప్రశ్న అయింది. మొదటి సీజన్‌కి ఇది తెలుసు. రెండో సీజన్ వ్యవస్థలో లోపం ఉందని కనిపెట్టి, ఆ కనిపెట్టడమే పెద్ద విమర్శ అనుకుంది. లోపం ఉందని చెబితే చూసేవాడికి ఊరట. తప్పు దాంట్లో ఉంది, మనలో లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మకిషిమా కూడా బగ్గే కదా? వాడినీ సిబిల్ చదవలేకపోయింది కదా? నిజమే. కానీ ఉరొబుచి ఆ బగ్‌ని ఎలా వాడుకున్నాడో చూడండి. మకిషిమా అలా ఎందుకయ్యాడన్నది పెద్దగా పట్టించుకోడు. వాడికి బాల్యగాథ లేదు, విమాన ప్రమాదం లేదు. వాడు షేక్‌స్పియర్ చదువుతాడు, ఆర్వెల్ గురించీ ఫిలిప్ కె. డిక్ గురించీ మాట్లాడతాడు, మనుషుల్ని కదిపి చూస్తాడు. ఆ హెల్మెట్లు జనంలోకి వదిలింది వాడే. అకానె చేతికి తుపాకి ఇచ్చింది వాడే. సిబిల్‌తో చేతులు కలపమని పిలుపొస్తే కాదన్నదీ వాడే. వాడి మినహాయింపు మనుషుల్ని పరీక్ష పెట్టడానికి పనికొచ్చింది. కముయి మినహాయింపు యంత్రాన్ని పరీక్ష పెట్టడానికి పనికొచ్చింది. యంత్రం పాసైనా ఫెయిలైనా మనకేంటి?

పోనీ, కముయి పక్కన నిలబడేవాళ్ళున్నారా అంటే ఉన్నారు. సిబిల్ వదిలేసిన మనుషులు అతని దగ్గర ఓదార్పు పొందుతారు. వాళ్ళ కథలు వినాలనిపిస్తుంది. కానీ పజిల్ తొందరలో వాళ్ళకి టైం దొరకదు. ఐదు, ఆరు ఎపిసోడ్లలో ఒక మొబైల్ గేమ్ ఉంటుంది. సరదాగా ఆడుకుంటున్న జనానికి తెలియకుండానే ఆ గేమ్ నిజమైన డ్రోన్లని నడుపుతుంటుంది, ఆ డ్రోన్లు నిజమైన మనుషుల్ని చంపుతుంటాయి. తర్వాత విషయం బయటపడుతుంది. తను నిన్న సాయంత్రం బస్సులో కూర్చుని ఏం చేశాడో ఒక మామూలు మనిషికి తెలిసిన క్షణం! సీక్వెల్ మొత్తంలో మొదటి సీజన్‌కి దీటుగా నిలబడగలిగిన ఊహ ఇదొక్కటే. దాన్ని రెండు మూడు షాట్లలో చూపించి, మళ్ళీ కముయి వెంట పరుగు మొదలుపెట్టారు.

ఇంకో నష్టం అకానెకి జరిగింది. మొదటి సీజన్‌లో ఎన్ని ఘోరాలు చూసినా ఆమె రంగు మసకబారదు. అది ఆమె గొప్పతనమా, లేక ఆమెలో ఏదో చలనం లేకపోవడమా? కథ తేల్చలేదు. ఆ అనుమానమే ఆమెని బతికున్న మనిషిని చేసింది. మసావోకా లాంటి పెద్దాయన దగ్గర ఆమె నేర్చుకుంది, కోగామి దగ్గర నేర్చుకుంది, చివరికి కోగామితో విభేదించింది కూడా. మకిషిమాని చంపాలని అతను, చట్టం ప్రకారం పట్టుకోవాలని ఆమె. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. రెండో సీజన్ మొదలయ్యేసరికి ఆమె నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదు. అందరికన్నా ముందే అన్నీ ఊహిస్తుంది, అన్నిసార్లూ ఆమెదే రైటు. టొగానే అనేవాడు ఆమె రంగు మసకబార్చడమే పనిగా పెట్టుకుని, చివరికి ఆమె అమ్మమ్మని చంపేస్తాడు. ఒక చెవి డబ్బాలో వస్తుంది. అకానె కుంగిపోతుంది, కాసేపటికి తేటపడుతుంది. చూస్తున్న నాకు అయ్యో అనిపించలేదు. ఆమె తేటపడుతుందని నాకు ముందే తెలుసు. ఏం చేసినా మారదని తెలిసిన అంకె మీద ఉత్కంఠ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయితే ఈ సీక్వెల్ లోపల, ఎవరూ తవ్వని చోట, ఒక మంచి సీక్వెల్ పూడుకుని ఉంది. దాని పేరు షిమొత్సుకి మికా.

మొదటి సీజన్‌లో ఈ అమ్మాయి హాస్టల్ విద్యార్థిని. హత్యల్లో స్నేహితురాలిని పోగొట్టుకుంటుంది. ఆ సీజన్ చివర్లో చిన్న వయసులోనే ఇన్‌స్పెక్టర్‌గా వచ్చి చేరుతుంది. రెండో సీజన్‌లో అకానె కింద పనిచేస్తూ అడుగడుగునా విసుక్కుంటుంది. సిబిల్ చెప్పింది చేస్తే పోయేదానికి ఈవిడ ఎందుకిలా సాగదీస్తుందని ఆమె గొడవ. టొగానే సంగతి తవ్వబోయి, ఆ దారిలో సిబిల్ అసలు రూపం చూస్తుంది. ఆ మెదళ్ళ గది చూశాక ఎవరైనా కుప్పకూలాలి. ఈమె దానికి మొక్కుతుంది. అకానె అమ్మమ్మ ఆచూకీ టొగానేకి అందించేదీ ఈమే. ఇంత చేసినా ఆమె రంగు చెక్కుచెదరదు.

చూసినవాళ్ళలో చాలామందికి ఈమె అంటే ఒళ్ళుమంట. తీసినవాళ్ళు కూడా ఆమెని తిట్టుకోవడానికే పెట్టినట్టున్నారు. కానీ నడిరోడ్డు మీద హత్య చూస్తూ నిలబడ్డ ఆ గుంపులోంచి ఒక మనిషిని బయటకి తీసి, పేరు పెట్టి, యూనిఫాం వేస్తే ఆమే షిమొత్సుకి. నిజం తెలియక సిబిల్‌ని నమ్మినవాళ్ళని మొదటి సీజన్ చూపించింది. నిజం తెలిశాక కూడా నమ్మేవాళ్ళు ఎలా ఉంటారు? రాత్రి పడుకునే ముందు తమకి తాము ఏం చెప్పుకుంటారు? ఇది పజిల్ కాదు, దీనికి ప్యాచ్ లేదు. మొదటి సీజన్ ఆగినచోట నుంచి సహజంగా పుట్టే ప్రశ్న ఇదే. 11 ఎపిసోడ్లు ఈ అమ్మాయి కళ్ళలోంచి చూపించి ఉంటే, అకానె మనకి దూరంగా, కాస్త అర్థం కాకుండా, మళ్ళీ ఒక మనిషిలా కనపడేది.

చివరి ఎపిసోడ్‌లో ఒక మాట మాత్రం మెచ్చుకోవాలి. గుంపుల్ని కొలవడం మొదలుపెడితే, విడివిడిగా ఏ తప్పూ లేని మనుషులు కూడా ఫలానా గుంపులో ఉన్న పాపానికి దోషులవుతారని అకానె హెచ్చరిస్తుంది. రిస్క్ టీమ్‌లో పనిచేసేవాళ్ళెవరికైనా ఇది భవిష్యత్తు కథలా వినిపించదు. వీళ్ళలాంటి వాళ్ళు ఎలా కట్టారన్నదాన్ని బట్టి ఇతను ఎలా కడతాడో చెప్పడమే మా రోజువారీ లెక్క. అక్కణ్ణుంచి కథ మొదలవ్వాల్సింది. అక్కడ ముగించారు.

మొదటి సీజన్ చివర్లో అకానె సిబిల్‌తో, ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఈ గదికి దారి వెతుక్కుని వచ్చి కరెంటు తీసేస్తారని చెబుతుంది. సిబిల్ నవ్వుతుంది. 2013లో మొదటిసారి చూసినప్పుడు ఆ ఎవరో ఒకరు ఒక హీరో అయ్యుంటాడనుకున్నాను, సీక్వెల్ అతని కోసమేననుకున్నాను. ఈసారి చూస్తుంటే ఇంకో అనుమానం వచ్చింది. కరెంటు తీసేస్తే తెల్లారి ఆ ఊళ్ళో ఎంతమంది సంతోషిస్తారు? ఎంతమంది స్కానర్ ముందు నిలబడి, రంగు ఎందుకు రావట్లేదని కంగారుపడతారు? ఆ తెల్లారిని చూపించే సీక్వెల్ కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.